నా గొంతు విన్నా తీయొద్దు

తలుపుకి ఎదురుగా ఎప్పుడూ ఉండకూడదు. పక్కకి జరిగి, గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. చెయ్యి నడుము దగ్గర ఉండాలిగాని తుపాకి పిడి మీద ఉండకూడదు. ఊపిరి ముక్కుతో పీల్చి నోటితో వదలాలి. ఇవన్నీ నోరీన్ కాడిల్ ఎందరికో నేర్పింది. నేర్పడం తేలికే. ఇప్పుడు బడి నడవాలో మంచుగడ్డలాంటి గచ్చు మీద కూర్చుంటే ఎడమ మోకాల్లో సూదులు గుచ్చుతున్నాయి, చొక్కా కాలరు మెడని నొక్కుతోంది. ఆవిడ భుజానికి జానెడు దూరంలో వాయిద్యాల గది తలుపు. ఆ తలుపు వెనక చీకట్లో ఓపల్ కూమ్స్, ఎనిమిదో క్లాసు పిల్ల. ఆ పిల్ల దగ్గర తుపాకి. బయట కొండ మలుపుల్లో ఎక్కడో సైరన్లు మోగించుకుంటూ రాష్ట్ర పోలీసులు. వాళ్ళు వచ్చేలోపు ఈ తలుపు తెరుచుకోవాలి, ఆ పిల్ల ఖాళీ చేతులతో బయటికి రావాలి. అంతే. ఈ బళ్ళో పోలీసుగా నోరీన్‌కి ఇన్నేళ్ళుగా ఇస్తున్న జీతం అంతా ఈ ఒక్క తలుపు కోసమే ఇచ్చారేమో అనిపించింది. నడవా పొడవునా రెండువైపులా తరగతి గదులు, వాటి నిండా పిల్లలు, అయినా ఒక్క దగ్గు లేదు, ఒక్క కుర్చీ కిర్రుమన్న చప్పుడు లేదు. అలా ఉండమని వాళ్ళకి నేర్పింది కూడా తనే.

కోటు. ముందుగా కోటే ఆనాల్సింది కంటికి. పొద్దున్న బస్సులు వచ్చే వేళకి ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పలకరిస్తోంది. జింకల వేట మొదలై రెండో వారం. కెంటకీ కొండల్లో ఈ రోజుల్లో సగంమంది పిల్లలు తెల్లవారకముందే నాన్నలతోనో తాతలతోనో అడవిలో మంచె ఎక్కి కూర్చుని, అట్నుంచి అటే బడికి వస్తారు. బూట్లకి బురద, జుట్టుకి పొగ వాసన, లెక్కల క్లాసులో కునికిపాట్లు. ఓపల్ వాళ్ళ తాత పాత గోధుమరంగు కోటు తొడుక్కుని వచ్చింది, చేతులు మోకాళ్ళదాకా, అంచు మడమలదాకా. "ఏమే, కోటు నువ్వు తొడుక్కున్నావా, కోటే నిన్ను తొడుక్కుందా?" అంది నోరీన్. "చలేసిందండీ, తాత తనది విప్పి ఇచ్చాడు," అంది ఓపల్ ముక్కు చీదుకుంటూ. "మరి జింక పడిందా?" "ఆడజింక వచ్చిందండీ, దాని వెనక పిల్ల ఉంది. వద్దులేవే అన్నాడు తాత." నోరీన్ నవ్వి తలుపు తెరిచి పట్టుకుంది, తన చేత్తోనే లోపలికి పంపింది. కోటు ఒకవైపుకి లాగినట్టు వేలాడుతోంది. కళ్ళు చూశాయి. తాతల జేబుల్లో ఏముంటాయి, నములుడు పొగాకు, చాకు, సగం తిన్న రొట్టె అనుకుంది మనసు. ఓపల్ తాత, ముసలి హైరమ్ కూమ్స్ జేబులో ఇంకోటి కూడా ఉంటుందని, దెబ్బతిని కొట్టుకుంటున్న జింకకి బాధ తీర్చడానికి పొట్టి రివాల్వర్ ఒకటి పెట్టుకుంటాడని ఈ లోయలో ఎవరికి తెలియదు? తెలిసిన సంగతి సరైన వేళకి గుర్తురాకపోతే తెలియనట్టే.

రెండో పీరియడ్లో ఆఫీసు బల్లమీదికి పేరు లేని చీటీ వచ్చింది. ఓపల్ కూమ్స్ కోటు జేబులో తుపాకి ఉంది, నా కళ్ళతో చూశాను, అని. హెడ్మాస్టర్ డ్వేన్ స్లోన్ మైకులో లాక్‌డౌన్ అని మూడుసార్లు చెప్పాడు, తుపాకి ఉన్నవాడెవడో బళ్ళోకి వచ్చాడు, తలుపులేసుకుని దాక్కోండి అని దానర్థం. తలుపులన్నీ ధడధడా మూసుకున్నాయి. సంగీతం మాస్టారు ఆఫీసుకి ఫోన్ చేసి, ఓపల్ బూర తెచ్చుకోవడానికి వాయిద్యాల గదిలోకి వెళ్ళిందనీ, మైకు మోగగానే ఆ తలుపు కూడా మూసుకుందనీ గుసగుసగా చెప్పాడు. పిల్లల ఫోన్లన్నీ పొద్దున్నే ఆఫీసులో పెట్టేస్తారు కాబట్టి ఆ పిల్ల దగ్గర ఫోను లేదు. ఉన్నది తుపాకి ఒక్కటే.

తెలిసే తెచ్చిందా? అదీ తేలాల్సింది. తెలియక తెచ్చి ఉంటే ఒక కథ, తెలిసి తెచ్చి ఉంటే ఇంకో కథ. ఆ రెండో కథ వద్దన్నా నోరీన్ కళ్ళ ముందుకి వస్తోంది. చెట్లు చిగురించే రోజుల్లో ఓపల్ తల్లి పోయింది, నొప్పి మాత్రల మత్తుకి అలవాటుపడి మింగి మింగి, ఈ లోయలో చాలామంది పోయినట్టే, నోరీన్ తమ్ముడు పోయినట్టే. అంత్యక్రియల్లో ఓపల్ ఏడవలేదు. చర్చి వంటగదిలో ఎవరో పెట్టిన చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని అలా చూస్తూ కూర్చుంది. ఏడవని పిల్లల్ని చూస్తే నోరీన్‌కి భయం. ఆ తర్వాత నుంచే పొద్దున్న ఫలహారం ఆ పిల్ల పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది, మెత్తటి రొట్టె మీద తెల్లటి గ్రేవీ, పక్కన పళ్ళరసం. మొదట్లో ఓపల్ మాట్లాడేది కాదు. ఒకరోజు, "నోరీన్ గారూ, మీ గ్రేవీలో మిరియాలు నాకిస్తారా?" అంది. మిరియాలెలా ఇస్తారే, ఏరి ఇవ్వాలా, అంటే ఫక్కున నవ్వింది. పిట్టంత పిల్ల. సంగీతం క్లాసులో అన్నిట్లోకీ పెద్ద బూర, తన కంటే బరువైన ఇత్తడి ట్యూబా, కావాలని అడిగి తీసుకుంది. ఎందుకే అంటే, "ఇది వాయిస్తుంటే కడుపులో ఖాళీ ఉన్నట్టు తెలియదండీ," అంది. ఆ మాట నోరీన్ ఎవరికీ చెప్పలేదు. ఆకలి గురించి కాదని ఆవిడకి అర్థమైంది. ఆ పిల్ల ఇప్పుడు ఆ ట్యూబా పక్కనే చీకట్లో కూర్చుని ఆ పొట్టి తుపాకిని ఎటువైపు పట్టుకుని ఉంటుంది? బయటికా? తనవైపా? అటు పోకు, అటు పోకు, అనుకుంది నోరీన్, అడవిలో తప్పిపోతున్న కుక్కని వెనక్కి పిలిచినట్టు తన మనసుని పిలుచుకుంటూ.

చెవిలో రేడియో గరగరలాడింది. "నోరీన్, నేను కీథ్. వంతెన దాటాం. తలుపు దగ్గరే ఉండు. లోపలికెళ్ళకు. మేము తెరుస్తాం." కీథ్ మంచివాడే. రాష్ట్ర పోలీసు సార్జెంటు, ఇద్దరు కూతుళ్ళ తండ్రి. కానీ కీథ్‌కి ఓపల్ తెలియదు. అతనికి తెలిసింది ఒక పేరు, ఒక తుపాకి. తలుపు పగిలిన క్షణంలో ఎవరికీ మొహాలు కనపడవు, చేతులే కనపడతాయి. ఇది నోరీన్‌కి ఎవరో చెప్పిన సంగతి కాదు. బడికి రాకముందు జిల్లా పోలీసు పెద్ద షెరీఫు దగ్గర పనిచేసిన రోజుల్లో ఒక ఇంట్లోకి అలాగే తలుపు బద్దలుకొట్టుకుని వెళ్ళింది. వంటింటి దీపం కింద ఒక మనిషి చెయ్యి, చేతిలో నల్లగా ఏదో, నోరీన్ వేలు బిగుసుకుంది, ఇంకొక్క వెంట్రుకవాసి బిగుసుకుంటే అయిపోయేదే. టీవీ రిమోటు. వాడు టీవీ గొంతు తగ్గించబోయాడు, అంతే, పోలీసులు వచ్చారు కదా మర్యాదగా ఉంటుందని. ఆ మర్యాదకి ప్రాణం పోయేది. ఇంటికొచ్చాక ఆవిడ తన కుడిచేతి చూపుడు వేలుని చాలాసేపు వేణ్ణీళ్ళలో ముంచి కూర్చుంది. బళ్ళో పోలీసు కావాలని ప్రకటన పడితే అందరికంటే ముందు వెళ్ళి అడగడానికి కారణం అదే. ఇంటర్వ్యూలో మాత్రం పిల్లలంటే ఇష్టమని చెప్పింది. అదీ అబద్ధం కాదు.

బడికి పోలీసు ఎందుకు అని ఆ రోజుల్లో పెద్ద రగడే అయింది. బడి భోజనశాలలో మీటింగు, మడత కుర్చీలు, కాగితం గ్లాసుల్లో కాఫీ. ఒకావిడ లేచి, "మా పిల్లలేమన్నా దొంగలా? అన్నం తినే చోట తుపాకి పెట్టుకున్న మనిషి తిరగడమేంటి?" అంది. ఇంకొకాయన, "ఎక్కడెక్కడి బళ్ళలోనో ఏం జరిగిందో టీవీలో చూడలేదా అమ్మా? మన దగ్గర అదే జరిగితే కొండ ఎక్కి దిగి ఎవడొస్తాడు?" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది వెనక వరసలో కూర్చున్న నోరీన్‌కి. అదే చిక్కు. ఆవిడ చదువుకున్న రోజుల్లో బడి ముందు నిలబెట్టిన ట్రక్కుల్లో, సీటు వెనక అద్దానికి అడ్డంగా తుపాకులు వేలాడుతుండేవి. వేటకెళ్ళొచ్చిన పెద్ద పిల్లలవి. హెడ్మాస్టరు బయటికొచ్చి, ఏదిరా చూడనీ, బాగుందే, ఎంతదూరం కొడుతుంది, అని అడిగేవాడు. అదే తుపాకి, అదే బడి, అవే కొండలు. మధ్యలో ఏదో మారిపోయింది. ఏది మారిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరుగాని అందరి పిల్లలకీ తెలుసు, చీకట్లో కిక్కురుమనకుండా ఎలా కూర్చోవాలో.

"ఓపల్," అంది నోరీన్, తలుపు సందులోకి. "నేనమ్మా, నోరీన్‌ని. ఇక్కడ ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. తలుపు తీస్తావా?" జవాబు లేదు. "తల్లీ, నీకేం కాదు. మాట్లాడు." లోపల ఏదో ఇత్తడి వస్తువుకి ఏదో తగిలినట్టు సన్నటి చప్పుడు, అంతే. మాట్లాడవేమే, అని ఒక్కసారి ఒళ్ళు మండింది నోరీన్‌కి, గ్రేవీలో మిరియాలు అడగడానికి నోరుంది కదా. ఆ మంట చల్లారుతుండగానే తన గొంతే తనకి వినపడింది. ఇప్పటి గొంతు కాదు. ప్రతి ఏడూ బళ్ళు తెరిచిన వారంలో, క్లాసు క్లాసుకీ తిరిగి, బల్ల అంచున కూర్చుని కాళ్ళూపుతూ చెప్పే గొంతు. "బయటినుంచి ఎవరు పిలిచినా పలక్కండి. మైకులో అంతా అయిపోయిందని చెప్పినా నమ్మకండి, మైకు దగ్గర ఎవడున్నాడో మీకు తెలియదు. నా గొంతు విన్నా తీయొద్దు. నా మెడ మీద ఎవడు కత్తి పెట్టాడో మీకు కనపడదు కదా? నేను వస్తే నా తాళంచెవితో నేనే తీసుకుని వస్తాను." ఒక పిల్లాడు, "మీరు ఏడుస్తూ పిలిచినా తీయొద్దా?" అని అడిగాడు. "ఏడిస్తే అసలే తీయొద్దు," అంది తను. అందరూ నవ్వారు. ముందు వరసలో ఓపల్ నవ్వలేదు, తల ఊపింది, గుర్తుపెట్టుకుంటున్నట్టు.

నోరీన్ తల దించింది. అప్పుడు కనపడింది. కనపడిందంటే, అక్కడే ఉంది, కూర్చున్నప్పటినుంచీ మోకాలి పక్కనే ఉంది. నడవా అంతటా ఉన్నాయి కాబట్టి దీన్ని విడిగా చూడలేదు. ప్రతి గదిలో తలుపు పక్కన రెండు అట్టముక్కలు మేకుకి వేలాడుతుంటాయి. తలుపేసుకున్నాక లోపల అందరూ బాగుంటే పచ్చ అట్ట, ఎవరికైనా దెబ్బ తగిలితే ఎర్ర అట్ట, తలుపు కిందనుంచి బయటికి తోయాలి. ఈ తలుపు కింద, వంకర లేకుండా, అంచు సరిగ్గా బయటికి కనపడేలా, పచ్చ అట్ట. వెలుతురు రావాల్సిన సందులో వెలుతురు లేదు, దీపం ఆర్పేసింది. పలకడం లేదు. ఒక్కటీ మర్చిపోలేదు. ఎవర్నో కాల్చడానికి వచ్చినది, తనని తాను కాల్చుకోబోతున్నది, నేను క్షేమం అని అట్ట బయటికి తోస్తుందా? నోరీన్ వీపు గోడనుంచి లేచింది. ఓపల్‌కి తెలియదు. ఈ లాక్‌డౌన్ తన కోసమేనని ఆ పిల్లకి తెలియనే తెలియదు. నడవాలో ఎవడో తుపాకి పట్టుకుని తిరుగుతున్నాడనుకుని చీకట్లో నక్కి ఉంది. చెయ్యి జేబులోకి వెళ్ళి ఉంటుంది, తాత రివాల్వర్ తగిలి ఉంటుంది. చిన్నప్పటినుంచీ తుపాకి తెలిసిన పిల్ల ఏం చేస్తుంది? తలుపుకి గురిపెట్టి కూర్చుంటుంది. వాడొస్తాడని. ఇప్పుడు రాబోతున్నది కీథ్.

రేడియో నొక్కింది. "కీథ్, ఆ పిల్ల దాడికి రాలేదు. దాక్కుంది. మనందరిలాగే తనూ ఎవడికో భయపడి దాక్కుంది."

"నీకెలా తెలుసు?"

"పచ్చ అట్ట బయటికి తోసింది."

"అట్టేంటి? ట్రాఫిక్ లైటా నోరీన్? గేటు దగ్గరున్నాం. లోపలికొస్తున్నాం."

తాళంచెవి నడుముకే ఉంది. తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకున్న సందులో మొదట కనపడే ఆకారాన్ని ఆ పిల్ల కాలుస్తుంది, తాత నేర్పినంత గురిగా కాలుస్తుంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ తలుపు ముందే ఉండిపోతుంది. మాటలతో రాదు. మాటల్ని నమ్మొద్దని తనే చెప్పింది. మరి మిగిలిందేంటి? నోరీన్ గుత్తిలోంచి, బళ్ళో అన్ని గదులకీ పట్టే ఆ ఒక్క తాళంచెవిని వేరుచేసింది. వేళ్ళు చెమటకి జారాయి, గోరు విరిగింది. వేరుచేసి, పచ్చ అట్ట పక్కనుంచి తలుపు కిందకి నెట్టింది. గచ్చు మీద ఇనుము గీసుకున్న చప్పుడు.

"ఓపల్, అది నా తాళంచెవి. ఇప్పుడు నేను లోపలికి రాలేను. నా మెడ మీద కత్తి పెట్టిన వాడుంటే వాడూ రాలేడు. నువ్వు లోపల పిడి తిప్పితే తప్ప ఈ తలుపు తెరుచుకోదు. తీయమనడం లేదు నేను. తీయకు. ఊరికే మాట్లాడు, చాలు."

ఎంతసేపు? నడవా చివర గోడగడియారం ఉంది, నోరీన్ అటు చూడలేదు. పరుగు తీసే బూట్ల చప్పుడు కోసం ఒక చెవి, తలుపు కోసం ఒక చెవి. లోపల గుడ్డ గచ్చు మీద పాకిన సవ్వడి. తాళంచెవి ఎత్తుకున్న సవ్వడి. తర్వాత, తలుపు కింది సందు దగ్గర, నేలకి నోరు ఆనించి మాట్లాడుతున్నట్టు, గుసగుస.

"నోరీన్ గారూ... వాడు వెళ్ళిపోయాడా?"

నోరీన్ కళ్ళు మూసుకుంది. "ఎవడమ్మా?"

"తుపాకి ఉన్నవాడు."

ఏం చెప్పాలి? వెళ్ళిపోయాడు అంటే తేలిక. బయటికి వచ్చేస్తుంది, చేతిలో రివాల్వర్ అలాగే పట్టుకుని, పరిగెత్తుకుంటూ, నవ్వుతూ కూడా. నిజం చెబితే? ఈ బడి మొత్తం చీకట్లో వణుకుతున్నది నిన్ను చూసేనని ఒక పిల్లకి ఎలా చెబుతారు? చెప్పిన మాట ఎక్కడికెళ్ళి కూర్చుంటుంది ఆ పిల్లలో, తల్లి పోయిన ఖాళీ పక్కనేనా? అయినా ఇన్నేళ్ళూ ఈ పిల్లలకి ఒక్క అబద్ధం చెప్పలేదు తను. భయపెట్టే నిజాలే చెప్పింది, అందుకే నమ్మారు.

"వాడెవడూ లేడు ఓపల్. మొదటినుంచీ లేడు. నీ తాత కోటు జేబులో ఉన్నది ఎవరో చూసి ఆఫీసుకి చెప్పారు. దానికోసమే ఇదంతా."

"నేనా?" అంది ఓపల్. మళ్ళీ, "అందరూ నాకోసం దాక్కున్నారా?"

"వాళ్ళకి తెలియదు కదమ్మా, తాత కోటని."

"నేను చూసుకోలేదండీ. ఒట్టు. ఇందాక దీపం ఆర్పి కూర్చున్నాక చెయ్యి పెడితే తగిలింది. అప్పుడు... వాడొస్తే..." తల్లి శవపేటిక ముందు రాని ఏడుపు ఇప్పుడు తలుపు కిందనుంచి వస్తోంది, ఎక్కిళ్ళతో. నోరీన్ కూడా ఏడ్చేదే. ఏడిస్తే అసలే తీయొద్దు, అని గుర్తొచ్చి పెదవి కొరుక్కుంది.

"అదిప్పుడెక్కడుంది?"

"చేతిలో."

"మంచిది. చేతిలో ఉందని నిజం చెప్పావు, మంచిది. ఓపల్, విను. నువ్వూ తాతా అడవిలో నడుస్తున్నారు. కంచె అడ్డమొచ్చింది. ముళ్ళ కంచె. అవతలికి దాటాలి. దాటేముందు ఏం చేయమంటాడు తాత?"

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ముందు తుపాకి ఖాళీ చేయాలి."

"తర్వాత?"

"నేలమీద పెట్టాలి. గొట్టం మనవైపు లేకుండా. అప్పుడు దాటాలి. తొందరొద్దు, కంచె ఎక్కడికీ పోదు, అంటాడు."

నోరీన్ వాళ్ళ నాన్న కూడా అదే అనేవాడు, అదే మాట. బొగ్గుగని నల్లదనం గోళ్ళలో ఉండగానే ఆదివారం పొద్దున్న ఆవిడ్ని వేటకి తీసుకెళ్ళి, కంచె ఎక్కడికీ పోదు నోరీ, అని. ఈ లోయలో తండ్రులందరికీ ఆ మాట ఎవరు నేర్పారో. "ఈ తలుపే కంచె తల్లీ. దాటుదాం. ఖాళీ చెయ్యి, నేను వింటుంటాను."

నడవా చివర పెద్ద తలుపు తోసిన గాలి తగిలింది మొహానికి. లోపల రివాల్వర్ ఇనుప చక్రం తెరుచుకున్న క్లిక్. గచ్చు మీద తూటా, టక్. ఇంకోటి. ఇంకోటి. నాలుగు. దొర్లుకుంటూ వచ్చి తలుపుకి తగిలి ఆగింది ఐదోది. తర్వాత ఏమీ లేదు. ఆరు గదుల రివాల్వర్ అది, హైరమ్ దాన్ని కోడిపందెంలో గెలిచానని ఊరంతా చూపించాడు, ఆరు గదులు. నోరీన్ ఆరోదాని కోసం చెవులు రిక్కించింది. బూట్లు మలుపు తిరుగుతున్నాయి. ఆరోది ఏది? ఆరోది తనకోసం దాచుకుందా? నేనా, అని అడిగిన ఆ గొంతు, అందరూ నాకోసమా, అని అడిగిన ఆ గొంతు... నోరు తెరిచి అడగబోయింది, అడగబోతుండగా నాన్న చెయ్యి కనపడింది, బొటనవేలితో చక్రం తిప్పుతూ, తూటాని కొట్టే సుత్తి కింద గది ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి నోరీ, జేబులో పొరపాటున తగిలినా పేలదు. పాతకాలం వాళ్ళు ఐదే నింపుతారు. హైరమ్ పాతకాలం వాడు. నమ్మాలా? తనే నమ్మకపోతే ఈ నడవాలో ఆ పిల్లని నమ్మేవాళ్ళు ఇంకెవరున్నారు?

"నేలమీద పెట్టేశానండీ," అంది ఓపల్. "కోటు కూడా విప్పేశాను."

"నారింజ టోపీ ఉందా, వేటది?"

"ఉంది. ఎందుకండీ, ఇది అడవి కాదుగా?"

"పెట్టుకోవే నా తల్లి. పెట్టుకుని మెల్లగా బయటికి రా."

పిడి తిరిగింది. పలచటి స్వెట్టర్, మోచేతి దగ్గర చిరుగు, కనుబొమ్మల దాకా దిగిన నారింజరంగు టోపీ, దాని కింద ఎర్రటి ముక్కు. అడవిలో పొదల వెనక కదిలింది జింక కాదు మనిషి అని తెలియడానికి పెట్టుకునే రంగు. నోరీన్ ఆ పిల్లని వెనక్కి నెట్టి అడ్డంగా నిలబడింది, రెండు చేతులూ పైకెత్తి. కీథ్, అతని వెనక ఇంకో ఇద్దరు, తుపాకులు ఎత్తి, గోడవారగా. "నా వెనక పిల్ల ఉంది! తుపాకి గదిలో ఉంది, ఖాళీ! పిల్ల చేతులు ఖాళీ!"

"ఖాళీ కాదు," అని అరిచాడు కీథ్. "పిడికిట్లో ఏదో మెరుస్తోంది! పిడికిలి తెరువు! తెరువ్!"

ఓపల్ బిగుసుకుపోయింది. చెయ్యి ఇంకా గట్టిగా మూసుకుంది. భయపడ్డ పిల్లలు చేసేది అదే కదా, చేతిలో ఉన్నది గట్టిగా పట్టుకోవడం. కీథ్ వేలు ఎక్కడుందో నోరీన్‌కి చూడకుండానే తెలుసు. వంటింటి దీపం, నల్లటి రిమోటు, వెంట్రుకవాసి. వెనక్కి తిరిగి ఆ పిల్లని తన ఒంటితో మొత్తం కప్పేసింది, వీపు మూడు తుపాకులకి అప్పగించి. "తాళంచెవి కీథ్! నా తాళంచెవి అది! నేనే ఇచ్చాను!"

ఏమీ పేలలేదు. వీపు మీద ఆ ఏమీ లేకపోవడం అలా చాలాసేపు ఉన్నట్టనిపించింది. తర్వాత కీథ్ బూట్లు గదిలోకి వెళ్ళాయి, బయటికొచ్చాయి. "ఖాళీయే," అన్నాడు. నడుము దగ్గర్నుంచి సంకెళ్ళు బయటికి తీయబోయి ఓపల్ మణికట్లు చూసి ఆగాడు. "అవి ఆ చేతులకి నిలవవు," అంది నోరీన్. "నేను పట్టుకుంటాలే."

బయట పోలీసు కారు వెనకసీట్లో కూర్చుంది ఓపల్. ముసలి హైరమ్ కోటు లేకుండా, టోపీ కూడా లేకుండా, గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొస్తున్నాడు, అతన్నెవరూ ఆపలేదు. "నన్ను బళ్ళోంచి తీసేస్తారా నోరీన్ గారూ?" అంది ఓపల్.

"చట్టం ఏడాది అంటుంది. పై అధికారి తల్చుకుంటే తగ్గించొచ్చు అని కూడా అంటుంది. నాకు తెలియదమ్మా. ఆ అధికారుల ముందుకి నీతోపాటు నేను వస్తాను. పచ్చ అట్ట సంగతి చెబుతాను."

"నేను అన్నీ సరిగ్గానే చేశానాండీ?"

"నేనే తీయించలేకపోయాను నీచేత," అంది నోరీన్. "అంత సరిగ్గా చేశావు."

ఓపల్ పిడికిలి తెరిచింది. అరచేతిలో తాళంచెవి పళ్ళు అచ్చుపడి ఉన్నాయి. నోరీన్ ఆ తాళంచెవి తీసుకుంది.

హెడ్మాస్టరు స్లోన్ గుమ్మంలో నిలబడి మొహం తుడుచుకుంటున్నాడు. మైకులో చెప్పమంటారా అని అడిగాడు. చెప్పినా నమ్మరు, అంది నోరీన్. మళ్ళీ అదే నడవా. రెండువైపులా మూసిన తలుపులు, ఒక్కో తలుపు కింద వంకర లేకుండా పచ్చ అట్ట, ఆ చివరిదాకా. మొదటి తలుపు దగ్గర ఆగింది. తెలిసి తెలిసీ ఒక్కసారి పిలవాలనిపించింది. "పిల్లలూ, నేను, నోరీన్‌ని. అయిపోయింది." లోపల ఊపిరి కూడా వినపడలేదు. మంచి పిల్లలు, అనుకుంది, కళ్ళు నిండిపోతుంటే. తాళంచెవి తాళంలో పెట్టింది. అది ఇంకా ఆ పిల్ల చేతి వేడితోనే ఉంది.